లైటు వేడి ఎటు పోవాలి? ఇంటి తోటల చుట్టూ తిరిగే తొమ్మిది తప్పుడు సలహాలు

గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ లాంటి హైదరాబాద్ శివారు ఫ్లాట్లలో మట్టి లేకుండా నీళ్లలో ఆకుకూరలు పెంచే కిట్లు ఇప్పుడు వింతేమీ కాదు. బాల్కనీకి పావురాల వల, మిగిలిన గజం చోటులో వాషింగ్ మెషీన్. ఇక తోటంటే లోపలి గదిలో నాలుగు అరల ర్యాకు, దానికి ఎల్‌ఈడీ లైట్లే. దసరాకు మొదలుపెట్టిన తోట సంక్రాంతి దాకా కళకళలాడుతుంది. ఉగాది దాటాక ఆకు అంచులు మాడతాయి, వేర్లు గోధుమరంగుకు తిరుగుతాయి. రోహిణి కార్తె వచ్చేసరికి ర్యాకు అటక ఎక్కుతుంది.

ఆ ర్యాకు అటకెక్కడానికి ఎండకన్నా తప్పుడు సలహాలే ఎక్కువ కారణం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, కిట్లు అమ్మే చోట్ల ఎంతో నమ్మకంగా చెప్పే మాటల్లో చాలావరకు చలిదేశాల ఇళ్లకు పనికొచ్చేవి. అక్కడ లైటు వేడి ఇంటికి మేలు. మే నెలలో ఇక్కడ పగలు దాదాపు 40 డిగ్రీలు, రాత్రి 26, 27. పిల్లల చేత ఇష్టంగా ఆకుకూర తినిపించాలని తోట మొదలుపెట్టిన అమ్మానాన్నలు ఒక్క వేసవికే చేతులెత్తేయడం చూస్తే బాధ కలుగుతుంది. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి ఎక్కడ దారి తప్పాయో, వాటికి బదులు ఏం చేయాలో చెబుతున్నాను.

అన్నిటికీ ఆధారం ఒకటే లెక్క. గోడ ప్లగ్గులోంచి వచ్చిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగా మారుతుంది. దాన్ని దాచలేం, కరిగించలేం. బయటికి పంపాలి, లేదా మొదటే తక్కువ పుట్టించాలి.

తప్పుడు సలహా 1: "ఎల్‌ఈడీకి వేడి ఉండదు, భయం లేదు"

వేడి ఉంటుంది. 120 వాట్ల ఎల్‌ఈడీ గదికిచ్చే వేడి, 120 వాట్ల పాత బల్బు ఇచ్చే వేడి ఒకటే. కిరణజన్య సంయోగక్రియ ఆకులో దాచుకునేది అందులో నూటికి ఒకటి రెండు పాళ్లు. మిగతాదంతా ఏదో ఒక దారిలో గది గాలిలోకి చేరుతుంది. తేడా ఆ దారిలోనే ఉంది. పాతకాలపు సోడియం దీపం పరారుణ కిరణాలతో వేడిని నేరుగా ఆకు మీద కుమ్మరిస్తుంది. ఎల్‌ఈడీ వేడి ఎక్కువభాగం వెనకనున్న అల్యూమినియం రెక్కల్లోకి పోతుంది. అందుకే కింద చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉందనుకుంటాం. వెనక ముట్టుకుంటే తెలుస్తుంది.

ఎల్‌ఈడీతో అసలు లాభం వేరే ఉంది. అదే వెలుగును తక్కువ వాట్లతో ఇస్తుంది. మంచి ఎల్‌ఈడీ ఒక జౌల్ కరెంటుకు 2.5 మైక్రోమోల్‌లు (మొక్కకు అందే వెలుగును కొలిచే ప్రమాణం), అంతకన్నా ఎక్కువ వెలుగు ఇస్తుంది. పాత 400 వాట్ల సోడియం దీపాలు అందులో సగం కూడా ఇవ్వలేవు. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న "1000 వాట్లు" నమ్మకండి. అది చాలాసార్లు పోలిక కోసం వేసిన అంకె. అసలు ఎంత కరెంటు తీసుకుంటుందో వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. మీ గదిలో పుట్టే వేడి ఆ చిన్న అంకెదే.

తప్పుడు సలహా 2: "వేడిగా ఉంటే లైటు పైకి కట్టెయ్"

లైటు ఎత్తితే ఆకుకు కాస్త ఉపశమనం దొరుకుతుంది. గదికి మాత్రం రవ్వంత కూడా తగ్గదు, పుట్టే వాట్లు అవే కదా. పైగా వెలుగు పక్కలకు చెదిరి గోడల పాలవుతుంది. మొలకలు సన్నగా పొడుగ్గా సాగి పడిపోతాయి. కరెంటు బిల్లు అంతే, వేడి అంతే, పంట మాత్రం సగం.

చేయాల్సింది వెలుగు తగ్గించడం. మంచి లైట్ల డ్రైవర్ (లైటుకు కరెంటును సరిచేసి ఇచ్చే పెట్టె) మీద తిప్పుకునే మీట ఉంటుంది. లెట్యూస్‌కు చదరపు మీటరుకు సెకనుకు 230 మైక్రోమోల్‌ల వెలుగు 14 గంటలు అందితే రోజుకు 11.6 మోల్‌లు అవుతుంది, మామూలు ఇంటికి అది చాలు. ఫోన్‌లోని లక్స్ యాప్‌తో, తెల్ల ఎల్‌ఈడీ కింద ఆకు ఎత్తులో కొలిస్తే సుమారు 15 వేల లక్స్ చూపాలి. యాప్ కొలత ఉజ్జాయింపే అయినా 40 వేలు చూపిస్తుంటే మీరు అనవసరంగా వేడి కొంటున్నారని అర్థం. ఒక చదరపు మీటరు అరకు మంచి ఎల్‌ఈడీ అయితే 120 వాట్లు సరిపోతాయి. ఇంకో మేలు కూడా ఉంది. తగ్గించి నడిపే ఎల్‌ఈడీ చల్లగా ఉండి, ప్రతి వాటుకూ కొంచెం ఎక్కువ వెలుగిస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

తప్పుడు సలహా 3: "పగలే వెలిగించు, మొక్కకు సూర్యుడితోనే లెక్క"

మూసిన గదిలోని మొక్కకు సూర్యుడు ఎప్పుడు వచ్చాడో తెలియదు. లైటు వెలిగిందే దానికి పొద్దు. వేళలు మారిస్తే కొద్ది రోజుల్లో అలవాటు పడుతుంది. మరి మధ్యాహ్నం రెండింటికి, బయట 40 డిగ్రీలున్నప్పుడు, లోపల ఇంకో 120 వాట్లు ఎందుకు రాజేయాలి?

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టమని కొందరంటారు. మన వైపు అదీ తొందరే. పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన ఎండను సాయంత్రమే గదిలోకి వదులుతుంది. రాత్రి తొమ్మిదికి వెలిగించి పొద్దున పదకొండుకు ఆర్పేలా టైమర్ పెట్టండి. 14 గంటలు పూర్తవుతాయి, వాటిలో చాలాభాగం రోజులో చల్లని వేళలోనే. రాత్రి బయట గాలి చల్లగా ఉంటే ఏసీ కూడా తక్కువ కరెంటుతో అదే పని చేస్తుంది.

దీనికి తోడుగా వినిపించే మాట: "24 గంటలూ వెలిగిస్తే రెట్టింపు పంట." టమాటా, వంకాయ మొక్కలు చీకటే లేకపోతే ఆకులు పసుపెక్కి దెబ్బతింటాయి. లెట్యూస్ ఓర్చుకున్నా, మీ గదికి మాత్రం చల్లబడే వేళంటూ ఉండదు.

తప్పుడు సలహా 4: "ఫ్యాన్ పెట్టు, గది చల్లబడుతుంది"

ఫ్యాన్ గదిని చల్లబరచదు. మామూలు సీలింగ్ ఫ్యాన్ తానే 70 వాట్ల దాకా వేడి కలుపుతుంది. మన ఒంటి చెమట ఆరి మనకు చల్లగా అనిపిస్తుంది, అంతే.

అలాగని ఫ్యాన్ తీసేయకండి. ఆకును అంటుకుని కదలని గాలిపొర ఒకటి ఉంటుంది. ఆ పొర చెదరకపోతే ఆకు నీటిని ఆవిరి చేయలేదు, తనను తాను చల్లబరచుకోలేదు. లెట్యూస్ లోపలి లేతాకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడేది ఎక్కువగా ఇందుకే. గాలి ఆడకపోతే నీటితోపాటు కాల్షియం అక్కడిదాకా చేరదు. ఒక చిన్న ఫ్యాన్‌ను ఆకులు మెల్లగా కదిలేంత వేగంతో, గాలి పైనుంచి మొక్క నడిమికి తగిలేలా పెట్టండి.

వేడిని బయటికి పంపే పని ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది. 120 వాట్ల లైటున్న చోట, లోపలి గాలి వచ్చే గాలికన్నా 3 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే గంటకు సుమారు 120 ఘనమీటర్ల గాలి మారాలి. వంటింట్లో పెట్టే ఆరు అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ పని సులువుగా చేస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: అది బయటి గాలినే లోపలికి లాగుతుంది. మే నెల మధ్యాహ్నం లాగితే వచ్చేది 40 డిగ్రీల గాలి. రాత్రి లైటు వెలిగించమన్నది ఇందుకు కూడా.

తప్పుడు సలహా 5: "అల్మరాలో పెట్టి చుట్టూ ఫాయిల్ అంటించు"

వెలుగు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. కానీ మూసిన చెక్క అల్మరాలో వేడి పోయే దారి లేదు. మంచి తెల్ల రంగు గోడ వెలుగును 80 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది, ముడతలుపడ్డ ఫాయిల్‌కన్నా సమంగా పంచుతుంది కూడా. ర్యాకు వెనకా పక్కలా తెల్ల షీటు కట్టి, పైనా కిందా తెరిచి ఉంచండి. వేడిగాలి పైకి పోతుంది, కిందనుంచి కొత్తగాలి వస్తుంది.

లైటు డ్రైవర్‌ను విడదీయగలిగితే దాన్ని ర్యాకు బయట పెట్టండి. మొత్తం కరెంటులో నూటికి ఐదు నుంచి పది పాళ్లు అక్కడే వేడిగా పోతుంది. నీళ్లున్న చోట కరెంటు వాడుతున్నాం కాబట్టి ప్లగ్గులు నీటిమట్టం కన్నా ఎత్తులో ఉండాలి, ఆ లైనుకు షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ ఉండాలి. దీనికి మినహాయింపు లేదు.

తప్పుడు సలహా 6: "కూలర్ ఉంటే ఏసీ దండగ"

ఈ సలహా సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం చేస్తుంది. మే నెలలో మన గాలి పొడిగా ఉంటుంది. బయట 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నప్పుడు మంచి కూలర్ 27, 28 డిగ్రీల గాలి ఇవ్వగలదు. ఆకులకు కావలసిన తేమ కూడా దొరుకుతుంది. అయితే కూలర్ కిటికీ అవతలి పొడిగాలిని లాగాలి, గదిలోని తడిగాలి ఇంకో దారిన బయటికి పోవాలి. తలుపులు బిగించి గది మధ్యలో కూలర్ పెడితే కాసేపటికి గది ఆవిరితో నిండి చల్లదనం ఆగిపోతుంది.

ఆగస్టులో లెక్క తలకిందులవుతుంది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు కూలర్ రెండు డిగ్రీలు తగ్గించడమే గొప్ప, అదీ ఆకుల మీద బూజు పట్టేంత తేమ పోసి. వానాకాలంలో కూలర్ ఆపేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఆకుల మీద గాలి చూసుకోండి. అప్పుడు మీ శత్రువు వేడి కాదు, తేమ. ఆకు ఎత్తులో, లైటు నేరుగా పడని చోట ఉష్ణోగ్రతా తేమా రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్ పెట్టుకుంటే ఏ కాలంలో ఏం చేయాలో అదే చెబుతుంది.

తప్పుడు సలహా 7: "ఏసీ 18లో పెట్టి తలుపు మూసెయ్"

18లో పెడితే ఏసీ త్వరగా చల్లబరచదు, ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. 2020 నుంచి మన దేశంలో కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం ఉంది. మొక్కకు కూడా 24 నుంచి 26 చాలు.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి సుమారు 3,500 వాట్ల వేడిని తోడుతుంది. మీ 120 వాట్ల లైటు దానికి లెక్కలోది కాదు, అందుకోసం ఏసీ అదనంగా వాడేది 40 వాట్ల లోపే. అసలు భారం పడమటి కిటికీది. వేసవి సాయంత్రం ఆ అద్దంలోంచి చదరపు మీటరుకు 500 వాట్ల దాకా ఎండ లోపలికి రావచ్చు. చదరపు మీటరున్నర అద్దం ఉంటే ఆరు లైట్లు పగటిపూట వెలుగుతున్నంత వేడి. లైటును తిట్టేముందు కిటికీకి బయటివైపు వెదురు తెరో షేడ్‌నెట్టో కట్టండి. లోపలి కర్టెన్ ఎండను లోపలికి వచ్చాక ఆపుతుంది, బయటి తెర రాకముందే ఆపుతుంది. వీలైతే ర్యాకును తూర్పో ఉత్తరమో గదికి మార్చండి.

ఆకులు చేసే మేలు కూడా గుర్తించండి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి 0.68 యూనిట్ల వేడి పడుతుంది. 120 వాట్ల లైటు 14 గంటల్లో 1.68 యూనిట్లు ఇస్తే, దాని కింద నిండుగా పెరిగిన తోట రెండు లీటర్లు ఆవిరి చేసిన రోజున అందులో ముప్పాతిక వంతుకు పైగా ఆవిరిగా మారిపోతుంది. ఆ ఆవిరిని కిటికీ గుండా పంపితే మీ పని సులువు. మూసిన గదిలో అయితే దాన్ని నీరుగా పిండే భారం మళ్లీ ఏసీ మీదే.

తప్పుడు సలహా 8: "నీళ్ల డబ్బాలో ఐసు ముక్కలు వెయ్, ఆకు వాడితే మందు పెంచు"

వేసవిలో మొక్క చచ్చేది ఎక్కువగా వేర్ల దగ్గరే. మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం గీజర్ వేసినట్టు వస్తాయి. వాటినే పోషకాల డబ్బాలో నింపుతాం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. అదే సమయంలో వేరు అడిగే ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. ఊపిరాడని వేరు మీద పితియం అనే తెగులు దాడి చేస్తుంది. అప్పుడు నీళ్లలో నిలబడి కూడా ఆకు వాడిపోతుంది.

ఐసు లెక్క చూడండి. 20 లీటర్ల డబ్బాను 32 నుంచి 24 డిగ్రీలకు దించాలంటే కిలోన్నర ఐసు కావాలి. అది కరిగి మందును పలచన చేస్తుంది, గంటల్లో నీళ్లు మళ్లీ వేడెక్కుతాయి. వేరుకు ఆ ఎగుడుదిగుడు ఇంకో దెబ్బ. తప్పనిసరైతే మూత బిగించిన సీసాలో గడ్డకట్టించిన నీటిని ముంచి తీయండి. అసలు పరిష్కారాలు ఇవి: ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున పట్టి నీడలో ఉంచాలి. డబ్బా ర్యాకు పై అరలో లైటు పక్కన కాకుండా కింద నేల మీద ఉండాలి. చుట్టూ థర్మోకోల్ కట్టాలి. మే నెలలోనైతే తడి గోనెసంచి చుట్టి ఫ్యాన్ గాలి తగలనిస్తే ఇంకా మంచిది. చిన్న డబ్బా త్వరగా కాగుతుంది, పెద్దది నిదానిస్తుంది. నీళ్లలో మునిగే పంపు తన వాట్లన్నీ నీళ్లలోనే వదులుతుంది కాబట్టి అవసరానికి మించిన పంపు వద్దు. గాలిబుడగల పంపును మాత్రం ఆపకండి.

ఇక మందు, అంటే పోషక లవణాలు, పెంచడం. ఎండలో మొక్క లవణాలకన్నా నీళ్లే ఎక్కువ తాగుతుంది, డబ్బాలో మిగిలేది అంతకంతకూ చిక్కబడుతుంది. దాని మీద ఇంకా మందు వేస్తే వేరులోని నీటినే లాగేసినట్టు. లెట్యూస్‌కు చలికాలంలో ఈసీ (నీటిలోని లవణాల మోతాదు చూపే కొలత) 1.5 దగ్గర నడిపితే వేసవిలో 1.0 నుంచి 1.2కు దించండి. తగ్గిన మట్టానికి వట్టి నీళ్లే పోయండి. మన బోరు నీళ్లు ముందే ఉప్పుతో ఉంటాయి కాబట్టి వాటి ఈసీ కొలిచాకే మందు కలపండి.

తప్పుడు సలహా 9: "లైట్లున్నాయి కదా, ఏడాదంతా లెట్యూసే పండించు"

వేడిలో లెట్యూస్ కాడ లేచి చేదెక్కుతుంది. దాని గింజ 30 డిగ్రీలు దాటితే మొలకెత్తడానికే మొరాయిస్తుంది. మే నెలలో దాన్ని పండించాలంటే ఏసీతోనే పండించాలి. పెద్ద పెట్టుబడులతో మూసిన గదుల్లో ఆకులు పండించిన అమెరికా కంపెనీల్లో ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది, బవరీ ఫార్మింగ్ 2024 నవంబరులో మూతపడింది. అలాంటి తోటల ఖర్చుల్లో వెలుగుకూ చల్లదనానికీ అయ్యే కరెంటు పెద్ద పద్దు. వాళ్లకు బరువైనది రెండు పడకగదుల ఇంటికి తేలికవుతుందా?

కాలానికి తగ్గ పంట వేసుకోవడం ఓటమి కాదు, తెలివి. కార్తీకం నుంచి మాఘం దాకా లెట్యూస్, కొత్తిమీర పెంచండి. ఫాల్గుణం దాటాక అవే అరల్లో తోటకూర, బచ్చలి, గోంగూర వేయండి. తోటకూర వేడిలోనే చురుగ్గా వెలుగును వాడుకునే జాతి. బచ్చలికి వేడంటే ఇష్టం. గోంగూర పొద్దు తగ్గితే పూతకొస్తుంది కాబట్టి 14 గంటల లైటు కింద ఆకు మీదే ఉంటుంది. 30 డిగ్రీల గదిలో కూడా ఇవి మిమ్మల్ని నిరాశపరచవు. 1946లో కాలింపాంగ్ దగ్గర షోల్టో డగ్లస్ మట్టిలేని సాగును మన దేశంలో మొదలుపెట్టినప్పుడు ఖరీదైన పరికరాల జోలికి పోలేదు. ఇసుక, కంకర, చవక లవణాలతో చేసి చూపాడు. సాగును ఊరికి తగ్గట్టు మలుచుకోవడం అప్పటినుంచీ ఉన్న దారే.

ఏది ముందు, ఏది వెనక

ఈ తొమ్మిది సలహాల్లో ఉన్న తప్పు ఒకటే. వేడి ఎంత పుడుతోంది, ఎటు పోతోంది అని ఏదీ అడగదు. అందుకే పనులకు వరస ముఖ్యం.

మొదట కిటికీకి బయట తెర కట్టండి, ఖర్చు వందల్లోనే. రెండోది టైమర్, లైటు రాత్రికి మారుతుంది. మూడోది మీట తిప్పి వెలుగును అవసరానికి దించడం, దీనికి పైసా ఖర్చు లేదు, పైగా బిల్లు తగ్గుతుంది. 120 వాట్లు 14 గంటలంటే నెలకు 50 యూనిట్లు, మీ బిల్లును పై స్లాబుకు నెట్టేవి ఆ 50 యూనిట్లే కావచ్చు. నాలుగోది ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఐదోది నీళ్ల డబ్బాను నేలమీదికి దించి నీడ పట్టడం. ఆరోది కాలానికి తగిన పంట. ఇవన్నీ చేశాక కూడా ఆకు ఎత్తులో మీటర్ 30 దాటి చూపిస్తుంటే అప్పుడు ఏసీ గురించి ఆలోచించండి. కొన్ని ఇళ్లలో ఆ అవసరమే రాకపోవచ్చు.

ఈసారి ఎవరైనా గ్రూపులో "ఆకులు మాడుతున్నాయి, ఏం చేయాలి?" అని అడిగితే లైటు ఎత్తమనో ఐసు వేయమనో చెప్పకండి. "లైటు ఏ వేళ వెలుగుతోంది? దాని వేడి ఏ దారిన బయటికి పోతోంది?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన ఇంట్లో మే నెలలో కూడా పప్పులోకి తోటకూర కోసుకోవచ్చు.